తడిక బాట: పొందూరు నుంచి కళింగపట్నం దాకా

ఏప్రిల్ 14

ఈ డైరీ మొదలుపెట్టడానికి మామ్మ అడిగిన ప్రశ్నే కారణం. సాయంత్రం షెడ్డులో ఆవిడ రాట్నానికి కొత్త కదురు బిగిస్తున్నాను. వేసవిలో మా వీధి పెద్దలందరినీ ఒక రోజు సముద్రానికి తీసుకువెళ్దామని పక్కన కూర్చున్నవాళ్ళు అనుకుంటున్నారు. మామ్మ పత్తి దువ్వడం ఆపి, "సముద్రం ఒడ్డున ఇసుక మెత్తగా ఉంటుందా, గట్టిగా ఉంటుందా?" అని నన్ను అడిగింది. పొడి ఇసుక మెత్తగా ఉంటుంది, నీళ్ళు తగిలే చోట గట్టిగా ఉంటుంది అని చెప్పాను. "అయితే ఆ గట్టి ఇసుక దాకా నేనెలా నడవాలి?" అంది.

మామ్మకు 78 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ వంగవు. పదహారో ఏట నుంచి వాలుగ చేప దవడ ఎముకతో కొండపత్తి దువ్వుతోంది. పొందూరు ఖద్దరు సన్నదనం ఆ చేప పళ్ళ మీదుగానే వస్తుంది. వాలుగ నదిచేపే, సముద్రపు చేప కాదు. అయినా ఇంతకాలం చేప ఎముక చేత పట్టుకుని బతికిన మనిషి సముద్రం చూడలేదంటే నాకు మనసు ఒప్పుకోలేదు. ఇక్కడి నుంచి కళింగపట్నం దాదాపు 50 కిలోమీటర్లు. ఆ దూరానికి ఆవిడ జీవితంలో ఎవరూ బస్సు ఎక్కించలేదు.

మొత్తం 34 మంది. పదకొండు మంది చేతికర్ర లేకుండా నడవలేరు. పక్షవాతం వచ్చిన మాస్టారు చక్రాల కుర్చీలోనే ఉంటారు. పని ఏమిటో నా మటుకు ఈ రోజే తేల్చుకున్నాను. బస్సు కిటికీలోంచి సముద్రం చూపించి వెనక్కి తేవడం కాదు, ముప్పై నాలుగు జతల పాదాలూ నీళ్ళలో తడవాలి.

ఏప్రిల్ 17

మొదటి ఆలోచన చెడిపోయింది. ప్లాస్టిక్ కుర్చీకి రెండు వైపులా వెదురు బొంగులు కట్టి డోలీ చేశాను. నలుగురు కుర్రవాళ్ళు భుజాన ఎత్తితే బాగానే నడిచింది. పాత కుర్చీ, రెండు బొంగులు, ఒక కొబ్బరితాడు తప్ప ఖర్చే లేదు. ఎంతో సంతోషంగా మామ్మ ముందు పెట్టాను.

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. "నలుగురు మోసే రోజు ఒకటి ఎలాగూ వస్తుంది. అప్పుడు కాదనలేను. సముద్రానికి మాత్రం నా కాళ్ళతోనే వెళ్తాను" అంది.

ఎవరూ మాట్లాడలేదు. ఆకుపచ్చ బొంగులు, అడ్డంగా తాళ్ళు. నేను చేసినది దేనిలా ఉందో అప్పుడు కనిపించింది. రాత్రే విప్పేశాను. ముందుగా అడగకుండా చేశానన్న బాధ ఇంకా ఉంది. మనుషులను మొయ్యడం కాదు, వాళ్ళ కాళ్ళ కింద నేలను గట్టిపరచాలి. ఇకపై పని అంతా అదే.

ఏప్రిల్ 21

ఒక్కడినే కళింగపట్నం వెళ్ళి కొలతలు తీసుకున్నాను. ఈ ఊరి పేరు మా పెద్దలకు తుపాను కబుర్ల వల్ల బాగా తెలుసు. వాయుగుండం కళింగపట్నానికి ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, రేవులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారు అని రేడియోలో విన్నవాళ్ళే అందరూ. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తీరం దాటింది ఈ చుట్టుపక్కలే. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడు దీపస్తంభం, దర్గా, మత్స్యకారుల ఇళ్ళు, సరుగుడు తోటలు. బారువ అందంగా ఉంటుందని కొందరు అన్నారు కానీ అది మాకు నూరు కిలోమీటర్లు దాటుతుంది. పెద్దల నడుములు ఓర్చుకోలేవు.

వంశధార సముద్రంలో కలిసే మొగ వైపు వెళ్ళకూడదని మొదటే అనుకున్నాను. అక్కడ నీటి లాగుడు ఎక్కువ. దానికి బాగా దూరంగా, రోడ్డు చివర నుంచి తడి ఇసుక దాకా టేపు పెట్టి కొలిచాను. 68 మీటర్లు. మొదటి పది మీటర్లలో చెప్పు పూర్తిగా కూరుకుపోతోంది. చివరి పదిహేను మీటర్లు ఏటవాలు. తడి ఇసుక మాత్రం సిమెంటు గచ్చులా ఉంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. అందుకే పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. నా టేపు చూసి ఇల్లు కడుతున్నానేమో అనుకున్నాడట. సంగతి చెప్పాక సూది పక్కన పెట్టి, "మీ పెద్దలు వచ్చే రోజు చెప్పండి, మా పడవలు ఎక్కడికీ పోవు, మేమూ పోము" అన్నాడు. ఆ మాటతో నాకు సగం భయం తగ్గింది.

ఏప్రిల్ 25

బాట వెదురుతోనే చెయ్యాలి. చెక్క పలకలు బరువు, ప్లాస్టిక్ పట్టాలు ఇసుకలో జారిపోతాయి. సీతంపేట వైపు నుంచి వచ్చిన బొంగులు 27 కొన్నాను, ఒక్కొక్కటి 110 రూపాయలు. చీల్చడానికి మేదరి పనివాడి దగ్గరికి వెళ్ళాను. మీటరు పొడవు ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఆరు బద్దలుగా చీల్చాడు. అతని కత్తి కణుపు దగ్గర కూడా తడబడదు. నేను వడ్రంగిని, చెక్క నా మాట వింటుంది. వెదురు మాత్రం అతని మాటే వింటుంది.

మొదటి తడిక మేకులతో కొట్టాను. రెండు పొడవాటి కర్రల మీద బద్దలు అడ్డంగా పేర్చి బిగించాను. మూడోసారి నడిచేసరికి బద్దలు మేకు దగ్గర నిలువునా పగిలాయి. పైగా చుట్టడానికి వీలు లేదు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే తడిక గాల్లో తేలి, అడుగు వేస్తే ఊగుతోంది. కర్రతో నడిచే మనిషికి ఆ ఊగు చాలు, పడిపోవడానికి.

ఏప్రిల్ 28

మళ్ళీ మామ్మే దారి చూపింది. పగిలిన తడికను పక్కకు పడేస్తుంటే, "పడుగు లేకుండా పేక నిలుస్తుందా?" అంది.

ఖద్దరు ఊళ్ళో పుట్టి ఆ మాట నాకు తట్టలేదు. మగ్గం మీద పొడవు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. ఇక్కడ బద్దలు పేక, తాడు పడుగు. నాలుగు వరసల నైలాను తాడు పొడవునా వేసి, ప్రతి బద్దనూ కింద ఒక పోగు, పైన ఒక పోగు పట్టుకునేలా మెలిపెట్టి ముడి వేశాం. బద్దకూ బద్దకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు. అంచుల్లో తాడు జంటగా వేయమని కూడా ఆవిడే చెప్పింది. చీర అంచు గట్టిగా ఉంటేనే బట్ట నిలుస్తుంది, ఇదీ అంతేనట. తడిక ఇప్పుడు చాపలా చుట్టుకుంటోంది. ఇసుక ఎటు వంగితే అటు వంగి కూర్చుంటోంది.

ఒక్కోటి మూడు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, 66 బద్దలు, పది కిలోల పైచిలుకు బరువు. అలాంటివి పన్నెండు చేయాలి. షెడ్డులో రోజూ నలుగురైదుగురు ముడులు వేస్తున్నారు. పోగులు వడికిన వేళ్ళు కదా, నా ముడి కన్నా వాళ్ళ ముడి ఎప్పుడూ బిగువు.

పన్నెండు కలిపినా 36 మీటర్లే, దారి 68. అందుకని దాటిన తడికను వెనక నుంచి తీసి ముందుకు తెచ్చి పరుస్తూ పోవాలి. ఇద్దరు కుర్రవాళ్ళకు ఆ పనే.

మే 2

నాగావళి ఇసుక తిన్నెల మీద పరీక్ష. చక్రాల కుర్చీలో రెండు 26 కిలోల బియ్యం బస్తాలు కట్టి తోశాం.

కుర్చీని ముందుకు తోస్తే చిన్న చక్రాలు బద్దల సందుల్లో దిగబడుతున్నాయి. వెనక్కి తిప్పి లాగితే పెద్ద చక్రాలు ముందు వెళ్ళి హాయిగా దాటుతున్నాయి. అంటే మాస్టారు సముద్రానికి వీపు పెట్టి వెళ్ళాలి. ఆయనకు చెప్పాను. కాసేపు ఆలోచించి, మాట ముద్దగా వస్తున్నా స్పష్టంగా, "చివర్లో ఒక్కసారే తిప్పండి" అన్నారు.

రెండో సంగతి తడికల అతుకు. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే వెళ్ళేటప్పుడు బాగుంది, వచ్చేటప్పుడు చక్రం అంచుకు తట్టుకుంది. కాబట్టి అంచులు ఆనించి, తాడు ఉచ్చుల్లోంచి రాట్నం చీలల్లాంటి కర్ర చీలలు దూర్చాను. ఇక తట్టడం లేదు.

మూడో తడిక మాత్రం ఒక వైపు తెగింది. చూస్తే తాడు లోపల పాతబడి పొడిపొడిగా ఉంది. కొత్తదని చెప్పి అమ్మిన తాడు అది. ఒక మనిషి కింద తెగి ఉంటే ఏమయ్యేదో. ఆ చుట్టలో మిగిలినదంతా పారేశాను. ఆ తాడుతో కట్టిన రెండు తడికలూ విప్పి మళ్ళీ కడుతున్నాం.

మే 5

ఈ రోజు రాసే సంగతి గురించి ఎవరూ పైకి మాట్లాడరు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఆడవాళ్ళలో తొమ్మిది మంది తాము రామని నిన్న చెప్పి పంపారు. కారణం చెప్పలేదు. మా పిన్నిని వెళ్ళి కనుక్కోమన్నాను. మరుగుదొడ్డి సంగతి. బయటికి వెళ్తే అక్కడ వీలు ఉండదని వీళ్ళు తెల్లవారుజాము నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు. పెళ్ళిళ్ళకూ అంతే, ఆసుపత్రికి వెళ్ళినా అంతే. మే నెల ఎండలో, రక్తపోటు మాత్రలు వేసుకునే మనిషి సగం రోజు నీళ్ళు తాగకపోతే ఏమవుతుంది? నేను తడికల లెక్కలో మునిగి ఇది చూసుకోనే లేదు.

పరిష్కారం కష్టం కాదు, తలచుకోవడమే కష్టం. నాలుగు బొంగులు, పైన దండెం, ముదురు రంగు దుప్పట్లు మూడు వరసలు, లోపల రంధ్రం కోసిన గట్టి కుర్చీ, కింద మూత ఉన్న బకెట్, సున్నం కలిపిన ఇసుక, చేతులకు నీళ్ళ డబ్బా, సబ్బు. పట్టుకుని లేవడానికి కుర్చీకి రెండు వైపులా చేతికర్రలు బిగించాను. గుడారాలు రెండు. లోపల ఎవరైనా ఉంటే బయట ఎర్రగుడ్డ వేలాడుతుంది. మగవాళ్ళెవరూ దాని దరిదాపులకు వెళ్ళకూడదు, ఆ వైపు పనంతా పిన్నిది.

షెడ్డు వెనక ఒకటి నిలబెట్టి ఆడవాళ్ళనే చూసుకోమన్నాం. సాయంత్రానికి తొమ్మిది మందిలో ఎనిమిది మంది వస్తామన్నారు. ఆ తొమ్మిదో ఆవిడ బదులు వాళ్ళ తోడికోడలు వస్తోంది.

మే 8, అమావాస్య

తడికలతో మళ్ళీ కళింగపట్నం. ఉదయం తొమ్మిదికి పోటు నిండుగా ఉంది. నేను కొలిచిన గట్టి ఇసుక మీద నీళ్ళు ఎగసిపడుతున్నాయి. ఒక అల వచ్చి కింది తడికను అమాంతం ఎత్తేసింది. వెదురు తేలుతుందన్న సంగతి వడ్రంగికి తెలియదా? తెలుసు, కానీ తలపుకు రాలేదు.

వల పెద్దాయన నవ్వలేదు, నెమ్మదిగా చెప్పాడు. అమావాస్యకూ పున్నమికీ పోటు బలం. అష్టమి దాటిన రెండో రోజుకు అన్నిటికన్నా నీరసం. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ లెక్కన పది రోజుల తరువాత తెల్లవారుజామున ఐదింటికి నిండి, పదకొండు దాకా నీరు తీస్తూనే ఉంటుంది. అంటే మేము అక్కడ ఉన్నంతసేపూ నీళ్ళు వెనక్కి వెళ్తూ, గట్టి ఇసుకను మాకు విడిచిపెడుతుంటాయి.

నేను నేరుగా అష్టమి అనే అనుకుని వీధిలో ముందే మాట వదిలాను. అష్టమి, నవమి ప్రయాణానికి పనికిరావని పెద్దలు గట్టిగా పట్టుబట్టారు. ఇప్పుడు వల పెద్దాయన చెప్పిన రోజు సరిగ్గా దశమి. పంచాంగం, సముద్రం ఒకే రోజును చూపించాయి. మే 18 ఖాయం.

మే 12

డబ్బు లెక్క. మనిషికి 300 చొప్పున 10,200 వచ్చింది. సెలవుల్లో ఖాళీగా ఉన్న ఒక బడి బస్సు 8,000. మిగిలినది సామాన్ల ఆటోకూ, మజ్జిగకూ. వెదురు, తాడు నా ఖర్చు. భోజనం ఇంటింటి నుంచి.

మే 15

బస్సు మొదటి మెట్టు నేల నుంచి 45 సెంటీమీటర్లు. మామ్మ ఇంటి గడప ఎత్తు 20. అందుకని టేకు చెక్కతో 22 సెంటీమీటర్ల ఎత్తు పీట చేశాను. అడుగు పైకన్నా వెడల్పు, కింద టైరు ముక్కలు అంటించాను. నేను దాని అంచున ఒంటికాలి మీద నిలబడి చూశాను, కదలలేదు.

మే 18, శుద్ధ దశమి

బస్సు నాలుగున్నరకు రావాలి, ఐదు దాటాక వచ్చింది. అందరూ నాలుగింటికే స్నానాలు చేసి వీధిలో వరసగా కూర్చున్నారు. మగవాళ్ళు ఖద్దరు పంచెలు, ఆడవాళ్ళు పెళ్ళికి తీసే చీరలు. ఉప్పునీళ్ళకు పాడవుతాయని నేను అనబోయి ఆగాను.

సాలిహుండం దగ్గర బస్సు నిమిషం ఆపించాను. కొండ ఎక్కించే వీలు లేదు, స్తూపాలు పైన ఉన్నాయి. మాస్టారికి అక్కడికి వెళ్ళాలని ఎంతో కోరిక. కిటికీ దగ్గర కూర్చుని ఆయనే అందరికీ చెప్పారు, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ: ఆ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు, మనం మాట్లాడే తెలుగును పుస్తకాల్లోకి తెచ్చిన ఆయనే. రెండేళ్ళుగా మాస్టారు ఒక వాక్యం పూర్తిగా చెప్పగా వినలేదు. ఆయన ముగించేదాకా డ్రైవరు ఇంజను కట్టేసి ఉంచాడు. ఆలస్యంగా వచ్చాడన్న కోపం నాకు అక్కడితో పోయింది.

ఆరుముప్పావుకు చేరాం. సామాన్ల ఆటో ముందే వచ్చి ఉంది. కుర్రవాళ్ళు తడికలు పరిచారు, పైన తడిపిన గోనెపట్టాలు. పిన్ని గుడారాలు నిలబెట్టించి, మొదట అందరి చేతా ఒక్కో గ్లాసు మజ్జిగ తాగించింది. వల పెద్దాయన, ఆయన కొడుకులు లావుపాటి మోకును ఒక పడవకు కట్టి, రెండో కొస తామే పట్టుకుని నీళ్ళ అంచు వెంట నిలబడ్డారు. ఈ తీరంలో నాలుగడుగులు వేసేసరికి లోతు దిగిపోతుంది. మోకు దాటి ఎవరూ వెళ్ళకూడదు, చీలమండ మించి నీళ్ళు వద్దు. అందరూ ఒప్పుకున్నారు.

ముందు నడవగలిగినవాళ్ళు వెళ్ళారు. తరువాత కర్రలవాళ్ళు, ఒక్కొక్కరికి పక్కన ఒకరు. ఇక్కడ నేను అనుకోనిది ఒకటి జరిగింది. కర్ర కొస బద్దల సందులో దూరి ఇరుక్కుంటోంది. నాగావళి దగ్గర చక్రాలు పరీక్షించాను, కర్రలు కాదు. గోనె ఉన్నచోట ఫర్వాలేదు, గోనెలు చాలలేదు. అప్పటికప్పుడు నలుగురు ఆడవాళ్ళు తమ పాత తువ్వాళ్ళు, కూర్చోవడానికి తెచ్చుకున్న బొంతలు పరిచేశారు. పదకొండు కర్రలూ దాటాయి.

మాస్టారిని వెనక్కి లాగుతూ తీసుకువెళ్ళాం. తడికలు తీసి ముందు పరచడానికి మూడుసార్లు ఆగాం. ఆగినప్పుడల్లా ఆయన మేము దాటి వచ్చిన దారినీ, సరుగుడు చెట్లనూ, దీపస్తంభాన్నీ చూస్తున్నారు, తల మాత్రం తిప్పలేదు. తడి ఇసుక మీదికి చేరాక కుర్చీ తిప్పాను. ఒక పలుచటి అల వచ్చి ఆయన పాదాల కింది పలకను తాకి వెళ్ళింది. ఎడమ కాలికి ఆయనకు స్పర్శ లేదు. కుడి కాలితో ఎడమ కాలిని నెట్టి, దాన్నీ నీళ్ళలో పెట్టుకున్నారు.

మామ్మ చివర. సగం దారిలో ఆగి, వంగలేని నడుముతోనే కర్రతో తడికను ఒకచోట పొడిచి చూసింది. "ఈ ముడి నాదే" అంది. అరవై ఎనిమిది మీటర్లకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. నీళ్ళు తగలగానే నా చెయ్యి వదిలేసి, మోకు పట్టుకుని నిలబడింది. కాళ్ళ కింద ఇసుకను అల లాగేస్తుంటే ఒక్కసారి బెదిరి, "నేల జారిపోతోంది" అంది. అలా జారుతుంది మామ్మా, గట్టిగానే ఉంటావు అన్నాను. తరువాత నాతో మాట్లాడలేదు. చాలాసేపు అలల వంకే చూస్తూ ఉంది.

ముప్పై నాలుగు మందీ తడిశారు. లెక్క నేను రెండుసార్లు చూసుకున్నాను.

తొమ్మిదింపావుకు ఎండ ముదిరింది, సరుగుడు నీడకు వచ్చేశాం. పులిహోర, దద్దోజనం, కొత్తావకాయ, ఎవరో తాటిముంజలు తెచ్చారు. వల పెద్దాయన కుటుంబం మాతోనే తిన్నారు. వాళ్ళకు మేము తీసుకువెళ్ళింది మామ్మ వడికిన నూలుతో నేసిన రెండు తువ్వాళ్ళు. డబ్బు అయితే తీసుకునేవాళ్ళు కాదు.

తిరుగుదారిలో శ్రీకూర్మం. అప్పటికి గుడి ప్రాంగణంలో రాళ్ళు కాలుతున్నాయి. అదే తడిపిన గోనెపట్టాలు అక్కడా పనికి వచ్చాయి. కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు, ముందూ వెనకా రెండు ధ్వజస్తంభాలు. అక్కడి తాబేళ్ళను చూడటానికి అందరూ ఆగారు. ఒంటిగంటన్నరకు ఇల్లు.

మే 20

తడికలన్నీ మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టాం. ఉప్పు ఉండిపోతే తాడు బిగుసుకుపోతుంది. పన్నెండులో తొమ్మిది బాగున్నాయి. రెండింటికి అంచు తాడు మార్చాలి. ఒకదాని బద్దలు ఏడు విరిగాయి.

వచ్చేసారికి మార్చవలసినవి రాసి పెట్టుకుంటున్నాను. బద్దల సందు సగానికి తగ్గించాలి. కర్రల కొసలకు వెడల్పాటి రబ్బరు బిళ్ళలు తొడగాలి. ఇరవై మీటర్లకు ఒకచోట కూర్చోవడానికి బల్ల ఉండాలి. మరుగు గుడారం మూడోది కావాలి. పొద్దున్న ఎనిమిదింటికి అక్కడ వరస కట్టారని పిన్ని చెప్పింది. అంటే అందరూ నీళ్ళు తాగారన్నమాట.

రానని చెప్పిన తొమ్మిదో ఆవిడ నిన్న షెడ్డుకు వచ్చి తడిక మీద రెండుసార్లు అటూ ఇటూ నడిచి చూసింది. కార్తీకంలో దశమి ఎప్పుడు వస్తుందని అడిగింది. పంచాంగం మాస్టారి దగ్గర ఉంది.

ఆయన కుర్చీ బేరింగులు విప్పి కిరోసిన్‌లో వేశాను. రెండోసారి కడిగినా ఇసుక దిగుతూనే ఉంది. రేపు గ్రీజు పెట్టి, సాయంత్రానికి కుర్చీ ఆయన ఇంటికి చేర్చాలి.